రోంత జరుగప్పా

చుట్టాల ఇళ్లలోకి కూడా తలుపు తట్టకుండా దూరిపోయే మనిషి మా మేనమామ. ఒక్క పాడుబడ్డ లారీ తలుపు మాత్రం తట్టి, “రోంత జరుగప్పా” అని, లోపలి మనిషి కొంచెం పక్కకు జరిగేంతసేపు ఆగి తెరిచేవాడు.

డెబ్బైల్లో ఆదోనిలో ఆయనకు ఒకే రకం లారీలు రెండుండేవి. ఒకటి పత్తి బేళ్లు మోసేది. రెండోదాని డ్రైవరు సీట్లోనే గుండె ఆగి చనిపోయాక, దాన్ని ఇంటి ముందు, జిన్నింగు మిల్లు గోడ పక్కన నిలిపేశారు. ఆ మోడలు సామాన్లు బజారులో దొరకవు. నడిచే లారీకి ఏది విరిగినా దీన్నుంచే ఊడదీసి బిగించేవాడు. అద్దాల్లేని ఆ లారీ నిండా మిల్లు దూది పేరుకునేది. డ్రైవరు సీటు మీద మాత్రం ఏనాడూ వాలేది కాదు.

అది చూసి అత్తకు భయం. ఎమ్మిగనూరు నుంచి పాత ఇనుము వ్యాపారి బేరానికొచ్చిన రోజు పట్టుబట్టింది.

“అమ్మేయయ్యా! దయ్యాన్ని వాకిట్లో పెట్టుకోని ఎన్నాళ్లుండేది?”

“అమ్మితే ఆయప్ప యాడికి పోతాడు?” అన్నాడు మామ.

“లారీతోనే పోతాడులే.”

మామ ఆ సీటు వైపు చూసి, చివరికి సరేనన్నాడు. సాయంత్రానికల్లా ముక్కలుగా కోసి తీసుకుపోయారు.

మర్నాడు పొద్దున నడిచే లారీ తలుపు దగ్గర మామ ఆగిపోయాడు. రాత్రి అద్దాలు దించే ఉన్నాయేమో, లోపలంతా తెల్లగా దూది. డ్రైవరు సీటు మాత్రం నల్లగా, తుడిచినట్టుంది. అత్త గడప దాటలేదు. మామ మాత్రం తప్పిపోయిన మనిషి ఇల్లు చేరినట్టు ఊపిరి పీల్చుకుని, తలుపు తట్టాడు.

“రోంత జరుగప్పా.”

ఆ తర్వాత నేనెప్పుడు చూసినా, ఆయన సగం సీటు మీదే కూర్చుని లారీ నడిపేవాడు.