విడుదల వీరుడు

ఇంటికి తాళం వేశాక దానికి వేలాడినంత పనిచేసి, వీధి మలుపు దాకా వెళ్లి, మళ్లీ వచ్చి లాగి చూసేవాడు విడుదల వీరుడు. ఆఫీసులో ఆ బిరుదు ఊరికే రాలేదు. వెబ్‌సైట్లలో తేదీలు ఎంచుకునేందుకు స్క్రిప్టు అనే ఒక చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం రాసి, ఎవరైనా వాడుకోండని లోకం మీదికి విడుదల చేసి, ఆనాటి నుంచి దాని ముఖం చూడని ఘనుడతడు. ఎన్నో ఆసుపత్రులు దాన్ని తమ పేజీలకు తగిలించుకున్నాయి; దాన్ని ఒక్కచోట మారిస్తే చాలు, ఆ పేజీలన్నీ మారిపోతాయి. లోపముందని ఎవరైనా మొరపెట్టుకుంటే, "మీ కంప్యూటర్ ఆపి మళ్లీ వేసి చూడండి" అని దీవించేవాడు. చివరికి ఎవరో అపరిచితుడు "మహానుభావా, ఇక మీ భారం నేను మోస్తాను" అని రాయగానే పొంగిపోయి, స్క్రిప్టును మార్చే అధికారమంతా అతడికి ధారపోశాడు.

పళ్ల డాక్టరైన భార్య ఒక ఉదయం క్లినిక్ నుంచి ఫోన్ చేసింది.

"ఏమండీ, అపాయింట్‌మెంటుకని నా పేజీ తెరిస్తే జూదం ఆట వస్తోందట! ఒకావిడ కార్డు నంబరు కూడా ఇచ్చేసింది. అందులో తేదీలకు పెట్టింది మీ స్క్రిప్టేగా? ఎవరి చేతిలో పెట్టారు?"

"పేరు తెలీదు. చాలా మర్యాదగా రాశాడే!"

"అయితే ఇంటి తాళంచెవి కూడా ఆయనకే పంపకపోయారా?"

వీరుడు నొచ్చుకున్నాడు. అధికారం తన చేతిలో లేదు కనుక ఆ అపరిచితుడికే వినయంగా రాశాడు: "అయ్యా, మా ఆవిడ పేజీ ఒక్కటి వదిలెయ్యండి." మిగతా ఆసుపత్రుల ఊసెత్తలేదు. పంపాక మాత్రం, ఇంటి తాళాన్ని లాగి చూసినట్టే, అది చేరిందో లేదోనని మళ్లీ మళ్లీ తెరిచి చూసుకున్నాడు.