అవని తాడు గాబోర్ చేతిలో

ఈ మధ్య శనివారం పొద్దున్నే ప్రసూనకు ఆకలి వేస్తోంది. ఇదీ ఒక విశేషమేనా అనుకోవచ్చు. కానీ మొన్నటి చలికాలంలో శనివారం వచ్చిందంటే ఆమె గొంతులో కాఫీ కూడా దిగేది కాదు. ఇప్పుడు రెండు దోసెలు తిని, మూడోది వేయమని భర్త భాస్కర్‌ను అడుగుతోంది.

"గోడ ఎక్కేది అవని, ఆకలి నీకా?" అంటాడు భాస్కర్ పెనం మీద పిండి తిప్పుతూ.

"మాట్లాడకుండా వెయ్యి. మాడిపోతోంది."

ఆమె పూర్తి పేరు జ్ఞానప్రసూన. అమెరికాలో వాళ్లుండే ట్రాయ్‌లో ఆ పేరు మొదటి అక్షరం దగ్గరే అందరికీ నాలుక ఆగిపోతుంది కాబట్టి వెనక సగమే మిగిలింది. గుంటూరులో కెమిస్ట్రీ చదివి, మిషిగన్ వచ్చి పాలిమర్లలో ఎమ్మెస్ చేసి, కార్ల విడిభాగాలు పరీక్షించే ఒక ల్యాబ్‌లో చేరింది. ఆమె పని సీటు బెల్టులు తెంపడం. బెల్టు ముక్కను రెండు వైపులా మరలో బిగించి, తెగేదాకా లాగి, ఎంత బలానికి తెగిందో చూడాలి. బెల్టులు ఎంత గట్టివో ఆమెకు తెలిసినంతగా చాలామందికి తెలియదు. అయినా ఆ ఉద్యోగం వల్ల ఆమెకు ధైర్యం రాలేదు. ఎందుకంటే తెగని బెల్టును ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆ భయమంతా కూతురు అవని మీదికి మళ్లింది. అవనికి ఆరేళ్లు వచ్చేదాకా ద్రాక్షపండ్లను నాలుగు ముక్కలు కోసి పెట్టింది. కార్ సీటు సరిగ్గా బిగిసిందో లేదోనని అక్కడ అలాంటివి చూసి పెట్టే ఫైర్ స్టేషన్‌కి తీసుకెళ్లి చూపించింది, ఒకసారి కాదు, సీటు మార్చినప్పుడల్లా. అలాంటి అవని ఎనిమిదో ఏట ఎవరిదో బర్త్‌డే పార్టీకని క్లైంబింగ్ జిమ్‌కి వెళ్లి, రంగురంగుల పట్లు బిగించిన గోడ మీద బల్లిలా పాకి, ఇంటికొచ్చి, ఇక సాకర్ మానేస్తానని చెప్పింది.

శనివారం క్లబ్‌లో చేర్చారు. మొదట చిన్న గోడ. కింద మందపాటి పరుపులు ఉంటాయి, పడినా దూదిలో పడ్డట్టే. ప్రసూన అంతవరకూ ఓర్చుకుంది. కొత్త సంవత్సరం రాగానే అవని వయసు పిల్లల్ని తాడు కట్టి పెద్ద గోడ ఎక్కిస్తామన్నారు. తాడు పైన కడ్డీ మీదుగా వెళ్లి కిందికి వస్తుంది. ఒక కొస పిల్ల నడుముకి, రెండో వైపు కింద నిలబడ్డ మనిషి చేతిలో. అలా పట్టుకోవడాన్ని బిలే అంటారు.

ఆ క్లబ్‌లో ఒక పద్ధతి ఉంది. బిలే చేసేది పిల్లల తల్లిదండ్రులే, కానీ సొంత పిల్లకు కాదు. ఇద్దరు పిల్లల్ని జత చేసి, ఒకరి తాడు రెండోవాళ్ల అమ్మకో నాన్నకో ఇస్తారు. ఎందుకలా అని ప్రసూన కోచ్‌ని అడిగింది. కోచ్ పేరు రేణు. ట్రాయ్‌లోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, కాలేజీ అయిపోయి ఏడాది కాలేదు.

"సొంత పేరెంట్స్ రోప్ లాగేస్తారు, ఆంటీ. పిల్లలు క్లైంబ్ చెయ్యరు. బావిలో బకెట్ వస్తుంది కదా, అలా పైకి వస్తారు."

ఆంటీ అన్నందుకు ముప్ఫై నాలుగేళ్ల ప్రసూనకు కాస్త చురుక్కుమంది కానీ, చెప్పిన కారణం మాత్రం కాదనలేకపోయింది. తనైతే అచ్చంగా అదే చేస్తుంది.

అవనికి జతగా వచ్చిన పిల్ల జోఫీ. వాళ్ల నాన్న గాబోర్. హంగరీలో గేర్‌బాక్సులు డిజైన్ చేసే ఇంజనీరు, కంపెనీ బదిలీ చేస్తే పోయిన శరదృతువులో ట్రాయ్ వచ్చాడు. పొడుగు మనిషి, నెమ్మదస్తుడు. ముడి వేయడం, తాడు అందుకోవడం చక్కగా వచ్చు. డ్రాయింగ్ మీద ఇంగ్లీషు ఎంతైనా చదువుతాడు. మనిషి నోటి నుంచి వస్తేనే చిక్కు. మొదటి రోజు రేణు అతనికి తాడిచ్చి, గోడ మీద సగం దాకా వెళ్లి "టేక్" అంది. వదులు లాగేసి బిగించి పట్టుకో అని దానర్థం. గాబోర్ ఎంతో మర్యాదగా తలెత్తి, "ఏం తీసుకోవాలి?" అని అడిగాడు.

ప్రసూన అతని చేతులకేసి చూసింది. అవని నడుముకి కట్టిన తాడు ఉండబోయేది ఈ మనిషి చేతిలో.

ఆమె రేణుని పక్కకి పిలిచింది. "వేరే జత ఇవ్వొచ్చు కదమ్మా?"

"అందరూ పెయిర్ అయిపోయారు, ఆంటీ. గాబోర్ అంకుల్ ఫిబ్రవరిలో టెస్ట్ పాస్ అవ్వాలి. లేకపోతే అవని, జోఫీ ఇద్దరూ ఈ సీజన్ చిన్న వాల్ మీదే."

కారులో అవని ముందే చెప్పేసింది. "అమ్మా, నాకు చిన్న వాల్ వద్దు. అది బేబీస్‌కి."

"ఆయనకి ఇంగ్లీష్ రాదు నాన్నా."

"నువ్వు నేర్పించు. నువ్వు నాకు అన్నీ నేర్పిస్తావు కదా, నేను వద్దు అన్నా కూడా."

ముందు సీట్లో భాస్కర్ దగ్గు వచ్చినట్టు నటించి నవ్వు మింగాడు.

అలా పాఠాలు మొదలయ్యాయి. పిల్లలు చిన్న గోడ మీద ఉన్నంతసేపూ ఇద్దరూ బెంచీ మీద పక్కపక్కన కూర్చునేవాళ్లు. ఆమె ఇంగ్లీషు మాట చెప్పి చేత్తో చేసి చూపించేది, అతను దాని హంగేరియన్ అర్థం వెతికి చెప్పేవాడు. అర్థం సరిపోయిందో లేదో మళ్లీ తాడుతో చేసి చూసుకునేవాళ్లు. రోప్ అంటే కొతేల్. ముడి చొమో. నడుముకి కట్టుకునే హార్నెస్‌ని వాళ్లు బెయులో అంటారట, లోపల కూర్చునేది అని. స్లాక్ అంటే తాడు వదలాలి: లొజీచ్. టేక్ అంటే పట్టుకో: తొర్చ్. బిలే దగ్గర గాబోర్ కాసేపు ఆలోచించి బిస్తొషీతాష్ అన్నాడు. కారు ఇన్సూరెన్స్‌కి కూడా తమ దేశంలో అదే మాట అని కిటికీలోంచి తన కారు చూపించాడు. "ఇక్కడ మాత్రం," అన్నాడు బాధగా, "రెండోది చాలా ఖరీదు."

ప్రసూన నవ్వింది. ఆ జిమ్‌లో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

గాబోర్ ఊరు కొండల ఊరు. అక్కడ కుర్రతనంలో రాళ్లెక్కేవాడట. పై నుంచి రాయి దొర్లితే "కో" అని అరవాలని, రాయి అనే మాటే హెచ్చరిక అని చెప్పాడు. చిన్నప్పుడు ఆ కేక ఎప్పుడు విన్నా తల మీద చేతులు పెట్టుకునేవాడినని, ఇప్పటికీ వంటింట్లో గిన్నె పడితే చేతులు వాటంతటవే లేస్తాయని చేసి చూపించాడు. అలా ఒకటి చెబితే ఒకటి వచ్చేది.

పాఠం చెప్పే తీరు మాత్రం ప్రసూనదే. తను స్కూల్లో పద్యాలు, ఎక్కాలు ఎలా నేర్చుకుందో అలాగే నేర్పింది. ఎక్కే ముందు ఇద్దరూ అనుకునే ఆన్ బిలే, క్లైంబింగ్, క్లైంబ్ ఆన్, ఎక్కేటప్పుడు స్లాక్, టేక్, దించమనడానికి లోయర్. మొదటి నుంచి చివరికి, మళ్లీ మొదటి నుంచి చివరికి, అర్థాలతో సహా. గాబోర్ శ్రద్ధగా అప్పజెప్పేవాడు. పరీక్ష ముందు వారం ఒక్క తప్పు లేకుండా, ఆగకుండా చెప్పాడు. ఆమె ఇంటికొచ్చి, "మనవాడు గ్యారంటీగా పాస్," అంది. భాస్కర్ "మనవాడు ఎప్పుడయ్యాడు?" అన్నాడు.

పరీక్ష రోజు రేణు తాడు కట్టుకుని గోడ ఎక్కింది. కింద గాబోర్, ప్రసూన పక్కనే. రేణు రెండు నిలువుల ఎత్తు వెళ్లి, ఏ ముందుమాటా లేకుండా "టేక్" అంది.

గాబోర్ పెదవులు కదిలాయి. ఆన్ బిలే, క్లైంబింగ్, క్లైంబ్ ఆన్, స్లాక్. అక్కడికి వచ్చి "టేక్" దగ్గర కళ్లు మెరిశాయి, తాడు బిగించాడు. అప్పటికే రేణు గోడకి అతుక్కుని, మెడ తిప్పి కిందికి చూస్తోంది. "లోయర్" అంది. అతను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

దిగి వచ్చాక రేణు అతని భుజం తట్టి, పాస్ కాలేదని మంచిగానే చెప్పి, ప్రసూన వైపు తిరిగింది. "ఆంటీ, మా మామ్ నాకు మల్టిప్లికేషన్ టేబుల్స్ నేర్పింది కదా, అలా నేర్పించారా?"

"బట్టీ," అంది ప్రసూన నీరసంగా.

"యా, అదే. నాకు ఇప్పటికీ సెవెన్ ఎయిట్స్ కావాలంటే సెవెన్ వన్స్ నుంచి రావాలి."

ప్రసూనకు ఒక్క క్షణం ఒళ్లు తేలికైంది. అయిపోయింది, పెద్ద గోడ లేదు, తాడు లేదు. చిన్న గోడ మీద అవని, కింద పరుపులు. తర్వాత కళ్లెత్తి చూస్తే అవని, జోఫీ ఇద్దరూ హార్నెస్‌లు కట్టుకుని సిద్ధంగా నిలబడి ఉన్నారు. జోఫీ వాళ్ల నాన్నని చూడటం లేదు, సిగ్గుపడి నేల చూస్తోంది. గాబోర్ చేతిలోని తాడు ఇంకా వదల్లేదు. "సారీ, మిసెస్ ప్రసూనా, నేను మంచి స్టూడెంట్ కాదు," అన్నాడు.

"స్టూడెంట్ మంచివాడే," అంది ప్రసూన. "రేణూ, గంట టైమ్ ఇస్తావా? మళ్లీ టెస్ట్ చెయ్యి."

"ఇస్తాను. కానీ ఎలా ప్రాక్టీస్ చేస్తారు? పైన ఎవరో ఒకరు ఉండాలి కదా."

ఎవరో ఒకరు అంటే ఎవరో ముగ్గురికీ తెలుసు. ప్రసూన షూస్ విప్పి, అద్దె షూస్ తొడుక్కుంది. అవి పిల్లల చెప్పుల్లా బిగుసుకుపోయాయి. హార్నెస్ కట్టుకుని, ముడి తనే వేసుకుని, తనే మూడుసార్లు లాగి చూసుకుంది. గాబోర్ కూడా ఒకసారి లాగి చూశాడు.

"వరస లేదు," అంది ఆమె అతనితో. "నాకు ఏది తోస్తే అది అంటాను."

రేణు ఎక్కిన ఎత్తులో సగమైనా ఎక్కకుండానే మాటలు మొదలుపెట్టింది. "స్లాక్" అంది, వదిలాడు. "టేక్" అంది, కాస్త ఆలస్యంగా పట్టాడు. మళ్లీ "టేక్", ఈసారి వెంటనే. ఇంకో పట్టు పైకి వెళ్లింది. "స్లాక్" అంది, వదిలాడు. "లోయర్" అనబోయి ఆమె కిందికి చూసింది. చూడకూడనిది అదే. కుడికాలు జారింది. ఇంగ్లీషు పోయింది. తెలుగు కూడా పోయింది. నోట్లోంచి వచ్చింది ఒకటే.

"తొర్చ్!"

పడింది, పడటం అనేది మొదలయ్యేలోపే ఆగింది. నడుము దగ్గర తాడు కరుచుకుని, హార్నెస్‌లో కూర్చున్నట్టుగా గాలిలో నిలిచింది. గోడ ఆమె ముక్కుకి జానెడు దూరంలో ఉంది. కింద గాబోర్ పెదవులు కదలడం లేదు. రెండు కాళ్లూ నేలకి తన్నిపట్టి నిలబడ్డాడు, అంతే.

"అమ్మా, ఆర్ యూ ఓకే?" అంది అవని.

"కూర్చున్నాను నాన్నా," అంది ప్రసూన పై నుంచి. "హాయిగా ఉంది." అబద్ధం కాదని ఆమెకే ఆశ్చర్యం వేసింది. కాసేపు అలాగే వేలాడింది. దిగాలన్న తొందర కూడా లేదు. ఊపిరి కుదురుకున్నాక ఇంగ్లీషు తిరిగొచ్చింది. ఆ గంటలో ఆమె అలా చాలాసార్లు వేలాడింది, కొన్నిసార్లు కావాలనే. ఏ మాట ముందు అన్నా, ఏది వెనక అన్నా, మధ్యలో అక్కడ లేని భాస్కర్‌ను ఉద్దేశించి రెండు తెలుగు మాటలు కలిపినా, గాబోర్ చేతులు తడబడటం మానేశాయి.

రేణు రెండో పరీక్షలో ఆరు మాటల్నీ తలకిందులు చేసి అడిగింది. తర్వాత దిగి వచ్చి, "పాస్, అంకుల్," అంది. గాబోర్ తెలుగు పద్ధతిలో నమస్కారం పెట్టాడు. ఎవరికి పెట్టాలో తెలియక రేణుకి సగం, ప్రసూనకి సగం పెట్టాడు.

పిల్లలిద్దరూ పక్కపక్క దారుల్లో ఎక్కడం మొదలుపెట్టారు. అవని ఎడమ వైపు, కింద గాబోర్. జోఫీ కుడి వైపు, కింద ప్రసూన. జోఫీ భయస్తురాలు, పట్టు పట్టుకీ ఆగుతుంది, అరచేతులు లాగుకి తుడుచుకుంటుంది. ఆ పిల్ల కాలు ఎక్కడ పెడుతుందో చూస్తూ ప్రసూన తాడు అందుకుంటోంది, బిగించకుండా, వదిలేయకుండా. ఎడమ వైపు ఎంతో ఎత్తు నుంచి అవని గొంతు వినిపించింది.

"టేక్!"

తాడు సర్రున లాగిన చప్పుడు, వెంటనే గాబోర్ గొంతు: "గాట్ యూ, అవని."

ప్రసూన తల తిప్పలేదు. జోఫీ సరిగ్గా అప్పుడే ఒక పెద్ద పసుపుపచ్చ పట్టు కోసం చెయ్యి చాపుతోంది, అది అందుతుందో లేదో చూడాలి.