క్లాసులో మాటలు ఎక్కువ

మెట్‌పల్లికి దగ్గర్లోని ఓ పల్లెలో రమ బీడీలు చుడుతుంది. భర్త సంపత్ మస్కట్‌లో కట్టడాల పనిలో ఉన్నాడు. ఇంట్లో అత్త బాలలక్ష్మి, రెండో తరగతి చదివే కూతురు వర్షిణి. ఆ పిల్ల ఇంట్లో నోరు విప్పి ఏడాది దాటింది.

ఆకలైతే కంచం తెచ్చి తల్లి ముందు పెట్టేది. జ్వరమొస్తే వచ్చి ఒడిలో తల పెట్టుకునేది, అంతే. తండ్రి వీడియో కాల్ చేస్తే కాసేపు ఫోన్ వైపు చూసి, కళ్ళనిండా నీళ్ళతో లోపలికి పరుగెత్తేది. కరీంనగర్ డాక్టరు చెవులూ గొంతూ చూసి లోపమేమీ లేదన్నాడు. బాలలక్ష్మి కొండగట్టు అంజన్నకు మొక్కుకుంది, మెడలో తాయెత్తు కట్టించింది. పిల్ల మాత్రం ఉలకలేదు, పలకలేదు.

కొత్త బడిలో చేర్చేటప్పుడు రమ ఈ సంగతి దాచింది. మూగపిల్లను మేం చేర్చుకోమంటారేమోనని భయం. ఆ ఊళ్ళో ఆ బడి బస్సు ఎక్కేది వర్షిణి ఒక్కతే కాబట్టి, అక్కడి ముచ్చట చెప్పేవాళ్ళు కూడా లేరు. బడి నుంచి ఫోన్ వస్తే చాలు, పిల్లను తీసుకుపొమ్మంటారేమో అనుకునేది రమ.

అర్ధసంవత్సర పరీక్షల రిపోర్టు కార్డు వచ్చింది. రమ ఒళ్ళోని బీడీల చాట పక్కకు పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని తెరిచింది. మార్కులు ఫరవాలేదు. కింద ఎర్ర ఇంకుతో టీచరు ఇలా రాసింది: "క్లాసులో మాటలు ఎక్కువ. పక్కపిల్లలను చదువుకోనివ్వదు. తల్లిదండ్రులు మందలించగలరు."

"అత్తమ్మా, జర ఇటు రా" అని కేకేసి, రమ ఆ ముక్కలు పైకి చదివింది.

"మన పిల్లదేనా గది? ఇంకోల్లది వచ్చిందేమో, మల్ల సూడు" అంది బాలలక్ష్మి.

పేరు వర్షిణిదే. ఫొటో వర్షిణిదే.

మర్నాడు రమ బడికి పోయింది. క్లాసు టీచరు మంజుల కార్డు చూడగానే, మందలించమని రాసినందుకు తల్లి గొడవకొచ్చిందేమో అనుకుంది. "పిల్ల హుషారేనమ్మా, కాకపోతే..." అని సర్దిచెప్పబోయింది.

"మందలిస్త గని మేడం, ముందుగాల ఒక్క మాట చెప్పుండ్రి. నా బిడ్డ నిజంగ మాట్లాడ్తదా?"

"అదేందమ్మా గట్లంటరు? ఎక్కం చెప్పుమంటే కథ చెప్తది. మీ ఇంట్ల మేక ఈనిన కాన్నుంచి అన్ని ముచ్చట్లు మాకు ఎరికే!"

రమకు దుఃఖం ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుపులోనే నవ్వొచ్చింది. తర్వాత ఉన్నదంతా చెప్పింది. మంజుల ముఖంలో నవ్వు పోయింది.

"ఒకనాడు ఏందో అన్నది. బడిల మాట్లాడితే ఏం గాదట, ఇంట్ల మాట్లాడితే బాపుకు దెబ్బ తాకుతదట. పిల్లల మాట గదా అని నేను పట్టించుకోలే."

రమకు అప్పుడు లీలగా ఒక ఉదయం గుర్తుకొచ్చింది. సెలవు అయిపోయి సంపత్ సంచి భుజాన వేసుకుని గడప దాటుతున్నాడు. వర్షిణి వెనక నుంచి ఉరికొచ్చి, "బాపూ, ఎటు పోతున్నవ్?" అని అరిచింది. "పోయేటోన్ని ఎటు అని అడుగుతవా?" అంటూ బాలలక్ష్మి మనవరాలి మూతి మీద ఒక్కటేసింది. కొద్దిరోజులకే సంపత్ పనిలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. "ఆనాడే అనుకున్న, శకునం మంచిగ కాలే" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని ఏడ్చింది బాలలక్ష్మి. పక్కనే కూర్చున్న పిల్ల ఆ మాట వింటున్నదని ఎవరూ అనుకోలేదు.

ఇంటికొచ్చి రమ చెప్తే బాలలక్ష్మి గోడకు చేరగిలబడింది. "నా నోట్ల మన్నువడ. ఎంత పని చేస్తి" అంది.

సాయంత్రం సంపత్‌కు ఫోన్ కలిపారు. అతడు అన్నీ విని, ఫోన్ ఎక్కడో ఆనించి, లుంగీ మోకాలి దాకా ఎత్తి కాలు చూపించాడు. ఆ కాలి మీదే ఒక గెంతు గెంతాడు.

"సూసినవా బిడ్డా? నూనె వడ్డ పలక మీద అడుగేసిన, జారిన. నీ మాటకు, నా కాలుకు ఏం సంబంధం? నువ్వు మాట్లాడకుంటేనే నాకు పరేషాన్."

వర్షిణి నానమ్మ వైపు చూసింది. బాలలక్ష్మి ఆమెను దగ్గరికి తీసుకుని, "అడుగు నా తల్లీ, నీ ఇష్టమున్నది అడుగు. నేనేమన" అంది.

పిల్ల పెదాలు కదిలాయి.

"బాపూ... ఇంకా నొప్పిలేస్తుందా?"

"లేదు బిడ్డా, ఏం లేదు" అని సంపత్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"మరి అన్నం ఎవలు వండుతుండ్రు? కూర మంచిగుంటదా?"

రమ నెమ్మదిగా లేచి బయటికొచ్చి అరుగు మీద కూర్చుంది. ఎంతో కాలానికి ఒళ్ళంతా తేలికైంది. లోపలి నుంచి పిల్ల గొంతు ఆగకుండా వినిపిస్తోంది. ఏడాదిలో ఆ గొంతు కొంచెం పెద్దదైంది, పలుకు తేటపడింది. అది తాను ఇప్పుడే మొదటిసారి వింటున్నానని రమకు తోచింది.