ఎడమ వైపు గాలి

మా షెడ్డులో ఏసీ బాగుచేయించుకున్న వాళ్లెవరైనా ముందు తమ మొహానికే గాలి పెట్టుకుని చూసుకుంటారు. గుంటూరు యార్డుకు మిర్చి తోలే ఆ బాబాయి మాత్రం పక్క సీటు వైపు వంగి, అక్కడి గాలికి చేతి వెనక వైపు పెట్టి, జ్వరం చూసినట్టు చూసేవాడు.

ఆయన పాత లారీ ఏసీకి సరిపోయే గ్యాస్ ఇప్పుడు దొరకదు. పాత నూనె కడిగి, రబ్బరు రింగులు మార్చి, కొత్త గ్యాస్ ఎక్కించాను.

"మునుపటంత చల్లగా ఉండదు బాబాయ్," అన్నాను.

వెంటనే తన వైపు గాలి మూసేశాడు.

"నడిపేది నువ్వు, చల్లదనం ఖాళీ సీటుకా? స్టీరింగ్ కూడా దానికే ఇస్తావా ఏంటి?"

"మీ పిన్ని కూర్చునే సీటురా ఎదవా! ఆయాసం మనిషి. అద్దం దించితే మిర్చి ఘాటు, ఎక్కిస్తే ఉక్క. ఇంట్లో ఉండవే అంటే, ఒక్కదాన్నే ఏం చేసుకోను అంటుంది."

రెండు ఎండాకాలాల తర్వాత చల్లదనం తగ్గిందని మళ్లీ వచ్చాడు, ఒక్కడే. పిన్ని పోయి మూడు నెలలైందన్నాడు. గ్యాస్ నింపాక, చొక్కా తడిసి ఉన్నాడు కదా అని ఆయన వైపు గాలి తెరిచాను.

ఆయన మెల్లగా మూసేసి, ఎడమ సీటు మీదికి వంగి చెయ్యి పెట్టాడు.

"అటే ఉండనీరా. ఇవాళ కూడా మిర్చి లోడేగా."