డిస్కులకు పసుపు రాసిన ఇంజనీరు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతలనాటి మాటేం కాదు, ఓ ఆరేళ్ళ క్రితం, ఫోన్లో వీడియో ఒకటి చూస్తే చాలు, లోకంలో ఏ పనైనా చేసేయొచ్చని గట్టిగా నమ్మేవాణ్ణి. పైగా విజయనగరంలో నాలుగేళ్ళు మెకానికల్ ఇంజనీరింగ్ వెలగబెట్టి (ఆ నాలుగేళ్ళలో చేత్తో పానా పట్టుకున్నది మొత్తం కలిపి ఒక పూట), పట్టా పుచ్చుకుని సాలూరు వచ్చి ఇంట్లో కూర్చున్నాను. సాలూరంటే లారీల ఊరు. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పేస్తారు. అలాంటి ఊళ్ళో నేను మెడ నిక్కించుకుని తిరిగేవాణ్ణి. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా అక్కా బావా అప్పట్లో మా ఇంట్లోనే ఉండేవాళ్ళు. అక్క కొండ మీద బడిలో టీచరు. ఘాట్ రోడ్డెక్కి, ఆపైన తారు లేని రాళ్ళ బాట పట్టి వెళ్ళాలి. అందుకని మా బావ నాలుగు చక్రాలూ లాగే పాత జీపు ఒకటి కొని, రోజూ అక్కని తనే దింపి తీసుకొచ్చేవాడు. ఆ దారుల్లో తిరిగి తిరిగి ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి. అవి పట్టుకునే ఇనప డిస్కులు కూడా గాట్లు పడి పల్చబడ్డాయి. బావ కొత్తవి తెప్పించి, మా వీధి చివర షెడ్డులో లారీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి బయల్దేరాడు. ఆయన్ని ఊరంతా పానా మావ అంటారు. నేను వెళ్ళి జీపుకు అడ్డం నిలబడ్డాను.

“లారీ మెకానిక్‌కి ఈ డిస్కుల సంగతి ఏటి తెలుస్తాది బావా? నాను మార్సీగలను. వీడియో మూడుసార్లు సూసినాను.”

“ఒరే, అది మీ అక్క ఎక్కే బండిరా. ఆటలు కాదు,” అన్నాడు బావ.

“మరి నాను సదివింది ఏటికి?”

ఈ మాటకి అక్క కరిగిపోయింది. “పోనీండి, ఆడు సేస్తాడు. నాకేటీ భయం లేదు,” అంది. తమ్ముడి మీద నమ్మకం అలాంటిది. ఆ నమ్మకం చూసి నేను భయపడాల్సింది, పొంగిపోయాను.

ఆదివారం పొద్దున్నే పెరట్లో పని మొదలెట్టాను. చక్రం ఊడదీశాను, ప్యాడ్లని పట్టుకుని ఉండే క్యాలిపర్ విప్పాను (ఒక్క బోల్టుకే గంట పట్టింది. విప్పే వైపు కాకుండా బిగించే వైపు తిప్పుతున్నానని మా అమ్మ చెప్పాక తెలిసింది). కొత్త డిస్కు బయటికి తీస్తే వెండి పళ్ళెంలా తళతళలాడింది. అంతలో అమ్మ పసుపు, కుంకుమ పట్టుకొచ్చింది. మా ఇంట్లో కొత్త ఇనుము ఏదొచ్చినా, కొడవలి గానీ గేటు గానీ, బొట్టు పెట్టకుండా వాడరు. నీళ్ళతో కలిపిన పసుపు డిస్కు అంచున చిన్న చుక్క పెట్టబోయింది.

“ఇలగ ఎడితే ఎండిపోయి రాలిపోతాదమ్మా. నువ్వుల నూనె కలుపు,” అన్నాను.

“నూనె ఎందుకురా, జారిపోదేటి?”

“ఇనుముకి నూనె మంచిదే, తుప్పు పట్టదు. నీకు తెల్దు, నాను సెప్తన్నాను కదా!”

అమ్మ కలిపిచ్చింది. నేను సగం సగం పనులు చేసే రకం కాదు కదా, రెండు డిస్కులకీ రెండు వైపులా, ఆ చేత్తోనే ప్యాడ్లకి కూడా దిట్టంగా పట్టించేశాను. ఘర్షణ మీద పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ప్యాడు డిస్కుని ఒరుసుకుంటేనే బ్రేకు పడుతుందని, ఆ మధ్యలో నూనె చుక్క ఉండకూడదని ఆ రెండు పేజీల్లోనే ఉంది. రాయమన్నారు కాబట్టి రాశాను, అర్థం చేసుకోమని ఎవరూ అడగలేదు.

సాయంత్రం వీధిలో నెమ్మదిగా నడిపి చూస్తే జీపు ఆగింది (వెనక చక్రాల బ్రేకులు పాపం నా పరువు మోశాయి). సోమవారం పొద్దున నా పనితనం నేనే చూసుకుందామని వాళ్ళతోపాటు వెనక సీట్లో ఎక్కాను. ఊరు దాటాక ఒక పల్లం ఉంది. దాని అడుగున మేకల మంద రోడ్డు దాటుతోంది. బావ బ్రేకు తొక్కాడు. జీపు వింటేనా!

“ఏవండీ, ఆపండి!”

“తొక్కతన్నానే, పట్టట్లేదు!”

హ్యాండ్ బ్రేకు లాగి బావ పక్కకి తిప్పేశాడు. కొత్తగా నాట్లేసిన మడిలోకి దూసుకుపోయి, చక్రాలు సగం దిగబడ్డాక ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ అక్క ఒడిలోని టిఫిన్ డబ్బా గడగడలాడుతోంది. ఇదే ఘాట్ రోడ్డు దిగేటప్పుడు జరిగి ఉంటే అన్న ఆలోచన అప్పుడొచ్చింది నాకు.

జీపుని ట్రాక్టరుతో లాగించి షెడ్డుకి తెచ్చారు. కబురు విని అమ్మ పరుగున వచ్చింది. పానా మావ చక్రం విప్పి, డిస్కు మీద వేలు రాసి, వాసన చూశాడు.

“ఎవులురా ఇది? బ్రేకులకి తలంటినారేటి?”

షెడ్డంతా ఘొల్లుమంది. బావ నా వైపు చూశాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకుని, “పసుపు అమ్మ కలిపింది,” అన్నాను. చూశారా, అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. చదువుకున్నందుకు ఆ మాత్రం నేర్పు వచ్చింది.

అమ్మ నన్నోసారి చూసి, బావ వైపు తిరిగి, “అవును బాబూ, నానే తెలీక నూనె కలిపీసినాను,” అంది.

పానా మావ డిస్కుల్ని పెట్రోలుతో కడిగి, నూనె పీల్చిన ప్యాడ్లు అవతల పారేసి, వేరేవి అరగంటలో బిగించాడు. వీడియో చూడకుండానే.

అది మొదలు మా ఇంట్లో ఎవరు బండి తాళాలు తీసినా బావ, “అత్తా, నూనె సీసా తెస్తావేటి?” అనడం, అమ్మ నవ్వి ఊరుకోవడం, సిగ్గు లేకుండా నేనూ నవ్వడం మామూలైపోయింది. ఇప్పుడు నేను పిల్లలకి ఆ ఘర్షణ పాఠమే చెప్పి బతుకుతున్నాను. మొన్నామధ్య అక్క ఇంట్లో భోజనాల దగ్గర బావ మళ్ళీ అదే మాటన్నాడు. అమ్మ మళ్ళీ అలాగే నవ్వింది. ఈసారి నాకు నవ్వు రాలేదు. నూనె కలపమన్నది నేను, రాసింది నేను, అమ్మ వద్దనే అంది అని గబగబా చెప్పేశాను. ఎవరూ కంచంలోంచి తల ఎత్తలేదు.

“మాకు ఆ రోజే తెల్సురా,” అన్నాడు బావ. “నీ గోళ్ళ నిండా పసుపే. అత్త సేతులు సుబ్బరంగా ఉన్నాయి.”

“మరి ఇన్నాళ్ళూ అమ్మని ఎందుకు ఏడిపించినారు?”

“అమ్మనేటి? నిన్ను,” అంది అక్క. “ఎప్పుడు సెప్తావా అని సూస్తన్నాం. ఆ జీపు ఆగడానికి వంద అడుగులు పట్టినాది, నీకు ఆరేళ్ళు పట్టినాది.”

“సెప్పినాడు కదా, ఇంక ఒగ్గీండి. ఆణ్ణి తిననియ్యండి,” అంటూ అమ్మ నా కంచంలో మరో గరిటె అన్నం వేసింది. తల వంచుకుని, నవ్వుకుంటూ తిన్నాను. ఆ రోజే చెప్పి ఉంటే ఒక పూట నవ్వి ఊరుకునేవాళ్ళు.