నాలుగో కుట్టు

కడప నుంచి కర్నూలుకు పోయే బస్సులో, మైదుకూరు దాటాక మైసూరుపాకు పొట్లం విప్పాను. కిలో బరువు తగ్గినప్పుడల్లా ఒక ముక్క తినొచ్చని నాకు నేనే పెట్టుకున్న బహుమానం అది. ఆ ముచ్చటే చెప్పి, పక్క సీట్లో కూర్చున్న నా వయసు ఆమెకూ ఒక ముక్క ఇవ్వబోయాను.

“వద్దు మా. నేనూ తగ్గేకే సూస్తాండా,” అందామె. “మా పాపకు కిడ్నీ ఇయ్యల్ల. పది కిలోలు తగ్గితేనే తీసుకుంటామన్నారు డాక్టర్లు.”

మరి మీకు మీరు ఏం బహుమానం ఇచ్చుకుంటారని అడిగాను. అడిగాక నా మీద నాకే చిరాకేసింది. ఆమె ఏమీ అనుకోలేదు. కొంగు పక్కకు జరిపి, జాకెట్టు చేతి అంచు తిరగేసి చూపించింది. లోపల పక్కపక్కనే నాలుగు కుట్లున్నాయి. నాలుగోది వంకరగా పోయింది.

“కిలో తగ్గి జాకెట్టు వదులైనప్పుడల్లా పాపే ఒక కుట్టు ఏస్తాది. ఆ పొద్దు మంచం దిగి మిషన్ కాడ కూచుంటాది. అది సూసేకే నోరు కట్టుకోనుండా.” వంకర కుట్టును బొటనవేలితో నిమిరింది. “ఇది ఏసేటప్పుడు చేతులు శానా వణికినాయి.”

ఆమె ఆళ్లగడ్డలో దిగిపోయింది. నేను పొట్లం మళ్లీ కట్టేశాను.

ఏళ్లుగా నా జాకెట్లకు కుట్లు విప్పించడమే నాకు తెలుసు. ఆ ప్రయాణమైన కొన్ని నెలలకు, మొన్న కల్లూరులో దర్జీ దగ్గర మొదటిసారి ఒకటి వేయించుకున్నాను. రేపొచ్చి తీసుకోమన్నాడు. వద్దని, ఆ కుట్టు పూర్తయ్యేదాకా మిషన్ పక్కనే నిలబడి చూశాను.