గిర్నీ పెద్దమ్మ చదివిన బొమ్మ

మా గిర్నీ పెద్దమ్మ పోయిన కబురు, పోయిన నెల నేను పనిచేసే ప్లాంటులో ఉండగా వచ్చింది. తమ్ముడు ఫోనులో "అక్కా, పెద్దమ్మ పోయింది" అని మాత్రమే అన్నాడు. నా ఎదుట బల్ల మీద ఒక పంపు డ్రాయింగు పరిచి ఉంది. దాన్ని మడిచి మా ఊరు రాయచూరుకు బస్సు ఎక్కాను. ఆమె లేకపోతే ఆ బల్ల ముందు నేను కూర్చునేదాన్నే కాదు. అది చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా ఇంటి గోడకు ఆనుకునే ఆమె పిండి గిర్నీ. యాపలదిన్ని అనే పల్లె నుంచి కోడలిగా వచ్చి, భర్త పోయాక తానే నడిపింది. అక్షరం ముక్క రాదు. గిర్నీ ఆగి ఉన్నా అరిచే మాట్లాడేది. ఊరవతల కరెంటు తయారుచేసే ప్లాంటు చిమ్నీలు పొగ వదులుతూనే ఉండేవి, ఇక్కడ కరెంటు పోతూనే ఉండేది. ఆ దిక్కుకు తిరిగి తిట్టేది: "పుట్టుడేమో ఈడ, ఎలుగుడేమో బెంగళూరుల! మన జొన్నలు ఎవడు పట్టియ్యాలె?"

అప్పుడు నేను టెక్నికల్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. మామూలు పాఠాలతో పాటు ఇంజనీరింగు డ్రాయింగు, వర్క్‌షాపు ఉండేవి. క్లాసులో ఆడపిల్లలం ఇద్దరమే. ఆ ఏడు రెండో పిల్ల మానేసింది. నాకేమో డ్రాయింగులో అత్తెసరు మార్కులు. బట్టల కొట్టులో గుమాస్తా అయిన మా నాయన, నన్ను మామూలు బడికి మార్చమని అర్జీ రాసి జేబులో పెట్టుకున్నాడు. సోమవారం ఇచ్చేస్తానన్నాడు. ఏడ్చాను, అన్నం మానేశాను. ఆయన కదల్లేదు.

శనివారం పొద్దున ఇద్దరం జొన్నలు పట్టించడానికి వెళ్లాం. నాకు బొమ్మ రాదని ఎవరన్నారో చూద్దామని, ఆ గిర్నీనే గీసి తీసుకెళ్లాను. పెద్దమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని కాగితం వెలుగుకు పట్టింది. మోటారు చక్రం మీద వేలు పెట్టి, బెల్టు వెంట నడిపి, రాయి దగ్గర ఆగింది.

"ఏందే పోరీ, బెల్టుకు మెలిక ఏసినవ్? గిట్లయితే రాయి ఉల్టా తిరుగుతది. పిండి రాదు, నా పిండాకూడు వస్తది!"

నా మొహం మాడిపోయింది. పక్కనే గిర్నీ పెట్టుకుని, పుస్తకంలో మెలిక బెల్టు అందంగా ఉందని దాన్నే దించాను. నాయనకు అదే చాలు.

"చూస్తివా అక్కా? ఏడాది సంది చదివి గిదీ యవ్వారం. అందుకే మాన్పిస్తున్న."

"రాయి అరిగితే గిర్నీ మూస్తమా తమ్మీ? ఉలితోని మళ్ల గంట్లు పెట్టిస్తం." కాగితం ఆయన ముందు ఆడించింది. "నా పేరు రాస్తే నాకు చదవరాదు. ఇది చదివిన. తప్పు గూడ పట్టిన. నా అసుంటిదానికి తెలిసేటట్టు రాసే చదువు ఇంకోటి ఉంటే చెప్పు, దాంట్ల ఎయ్యి. లేకుంటే సోమారం దాంక ఆగు."

పెద్దమ్మ నా వైపు తిరిగి, "పుస్తకం ఇంట్ల పెట్టి రా. కండ్లు తెచ్చుకో," అంది.

ఆ రెండు రోజులూ గిర్నీలోనే ఉన్నాను. కరెంటు పోయినప్పుడల్లా పురికొసతో చక్రాలు కొలిచాను. వచ్చినప్పుడు పక్కకు జరిగి, రాయి ఏ వైపు తిరుగుతుందో చూశాను. ఆమె మూడు కాగితాలు చించింది. నాకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే నాలుగోది గీశాను. ఆదివారం సాయంత్రం నాయనను పిలిపించి, ఆయన ఎదుటే మళ్లీ వేలు నడిపింది.

"ఆఁ. ఇప్పుడు పిండి వస్తది."

సోమవారం నాయన బడికి వచ్చాడు. అర్జీ బయటికి తీయలేదు. పదో తరగతిలోనూ ఇంజనీరింగు సబ్జెక్టులే ఉంచమని సంతకం పెట్టి, నన్ను క్లాసు గుమ్మం దాకా దింపి వెళ్లాడు.

ఆ తర్వాత డిప్లొమాలో, ఉద్యోగంలో, "ఆడపిల్లకెందుకమ్మా ఇది" అన్నవాళ్లు చాలామందే ఎదురయ్యారు. పెద్దమ్మ గొంతు నాకు రాలేదు గానీ మొండితనం వచ్చింది. ఒక్కరికీ దారి ఇవ్వలేదు.

దినాలైన మర్నాడు గిర్నీలోకి వెళ్లాను. ఆ నాలుగో బొమ్మ మోటారు పైన గోడకు ఇంకా ఉంది. జొన్నలు తెచ్చిన ప్రతివాళ్లకూ "మా పోరి గీసింది" అని బెల్టు వెంట వేలు నడిపి చూపేదట. బొమ్మలో చక్రమూ రాయీ అలాగే ఉన్నాయి. వాటి మధ్య నా పెన్సిలు గీత లేదు. ఏళ్ల తరబడి ఆ వేలు దాన్ని అరగదీసింది. బెల్టు ఉండాల్సిన చోట పిండి తెల్లగా అంటుకుని ఉంది.

"మళ్ల గీసిస్తవా వదినా?" అని ఆమె కోడలు పెన్సిలు అందించింది. నేను తీసుకోలేదు. ఆ తెల్ల గీత మీద వేలు పెట్టి, మోటారు నుంచి రాయి దాకా నడిపాను.